టూర్‌కి ఖరీదైన గిటార్ తీసుకెళ్లాలా వద్దా? తేల్చుకోవడం ఎలా, తీసుకెళ్తే కాపాడుకోవడం ఎలా

వేసవిలో అమెరికా తెలుగు సంఘాల ప్రోగ్రాములు మొదలయ్యే ముందు ఒకసారి, ఇక్కడ వినాయకచవితి పందిళ్లు లేచే ముందు ఇంకోసారి, నాకు ఇదే ప్రశ్న వస్తుంది. "అన్నా, నా టేలర్ గిటార్ తీసుకెళ్లనా, పాత యమహా గిటార్ తీసుకెళ్లనా?" ఫోన్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెబుతుంటే ఎప్పుడూ ఏదో ఒక ముఖ్యమైన ముక్క మిగిలిపోతోంది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పదిమంది అడిగితే ఎనిమిది మందికి ఖరీదైనది ఇంట్లోనే పెట్టమంటాను. కానీ "ఇంట్లో పెట్టు" అని చెప్పి ఊరుకుంటే సగం సలహానే అవుతుంది, ఎందుకంటే దాని బదులు తీసుకెళ్లే గిటార్ సరిగ్గా లేకపోతే స్టేజి మీద మీకు నరకం కనిపిస్తుంది. మిగతా ఇద్దరికి మాత్రం ధైర్యంగా తీసుకెళ్లమనే చెబుతాను, వాళ్లెవరో కింద తెలుస్తుంది.

ఇక్కడ "ఖరీదైనది" అంటే ధర ఒక్కటే చూడకండి. పోతే లేదా విరిగితే మీరు మళ్లీ తెచ్చుకోలేనిది ఏదైనా ఖరీదైనదే. ఈఎంఐలో కొన్న అరవై వేల గిటార్ మీకు అలాంటిదే కావచ్చు, నాన్నగారు వాయించిన పాత గిటార్ కూడా కావచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గట్టి కేసు (హార్డ్ కేసు). విమానంలో లగేజీకి వేయాల్సి వస్తే ఫ్లైట్ కేసు
- ట్యూనర్, మిల్లీమీటర్ల స్కేలు, కేపో (మెడ మీద స్ట్రింగ్స్ అన్నింటినీ నొక్కి పట్టే క్లిప్పు), మీ గిటార్‌కి సరిపడే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) తాళంచెవి
- రెండు సెట్ల స్ట్రింగ్స్, స్ట్రాప్ లాక్‌లు (భుజం పట్టీ ఊడిపోకుండా పట్టేవి)
- కేసులో పెట్టుకునే చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమ చూపించేది), తేమ ప్యాకెట్లు
- మెత్తటి టీషర్టులు, బబుల్ ర్యాప్
- కొన్న బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో

1. ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

మనసులో అనుకుంటే సరిపోదు, కాగితం మీద రాయండి.

ఒకటి: ఈ గిటార్ రేపు పోతే ఎల్లుండి ప్రోగ్రామ్ వాయించగలనా? రెండు: దీని విలువంతా తిరిగి వచ్చేలా ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే అందులో ప్రోగ్రాములకు వాడటం కవర్ అవుతుందా? మూడు: ఈ గిటార్ చేసే శబ్దం ఇంకే గిటార్‌తోనూ రాదా?

మొదటి రెండింటిలో ఏ ఒక్కదానికి "లేదు" వచ్చినా ఇంట్లో పెట్టండి. మూడోదానికి నిజంగా "రాదు" అనే జవాబు వస్తే మాత్రం ఆలోచించాలి. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ ఎన్-20 నైలాన్ స్ట్రింగ్ గిటార్‌నే దశాబ్దాల తరబడి ఊరూరా తిప్పాడు, పైచెక్కకి పెద్ద కన్నం పడినా దాన్నే వాయించాడు. ఆయన గొంతుకి జోడీ ఆ గిటార్, అది లేకపోతే ఆ కచేరీ ఆయనది కాదు. మీ విషయంలో కూడా అంతే అయితే తీసుకెళ్లండి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, పెద్దవాళ్లకు కూడా ప్రమాదం తప్పలేదు. రాక్ గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్ 1954 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్ 1980లో వెనెజువెలాలో కార్గో విమానం కూలినప్పుడు కాలిపోయిందనే అందరూ అనుకున్నారు. అది 2011లో తిరిగి ఆయన చేతికొచ్చింది. అంటే ముప్ఫై ఏళ్ల పైనే దానికి దూరంగా ఉన్నాడు. మేనేజర్లు, రోడ్డు సిబ్బంది అందరూ ఉన్న మనిషికే అలా జరిగింది.

2. వినేవాళ్లకి తేడా తెలుస్తుందో లేదో పరీక్షించండి

మూడో ప్రశ్నకి మనమంతా తొందరపడి "రాదు" అనేస్తాం. అందుకే ఈ పరీక్ష.

రిహార్సల్లో రెండు గిటార్లనూ ఒకే డీఐ బాక్సులో (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే పెట్టె), ఒకే మిక్సర్ ఛానెల్లో, అవే సెట్టింగుల మీద పెట్టండి. డ్రమ్స్, కీబోర్డు, బేస్ అన్నీ మోగుతుండగా ఒకే పాట రెండింటితోనూ వాయించండి. హాలు చివర ఒక మిత్రుడు ఫోన్లో రికార్డు చేయాలి, ఏది ముందు వాయించారో రాసుకోవాలి, మీకు చెప్పకూడదు. మర్నాడు మీరే విని ఏది ఏదో చెప్పండి.

చాలామంది చెప్పలేరు. అకౌస్టిక్ గిటార్ విషయంలో దీనికి కారణం ఉంది: స్పీకర్లోంచి వచ్చేది చెక్క శబ్దం కంటే ఎక్కువగా బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్స్ బిగించే చెక్క ముక్క) కింద ఉన్న పీజో పికప్ (కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) శబ్దం. ఆ మీద సౌండ్ ఇంజనీర్ ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ కూత) రాకుండా బేస్ శబ్దం కోసేస్తాడు. రెండు లక్షల గిటార్‌లో మీరు ఇంట్లో కూర్చుని ప్రేమించే ఆ లోతు సగం అక్కడే పోతుంది. మైకు ముందు ఒంటరిగా వాయించేవాళ్లు, ఫింగర్‌స్టైల్ కచేరీలు చేసేవాళ్లు, స్టూడియో రికార్డింగుకి వెళ్లేవాళ్లు దీనికి మినహాయింపు, వాళ్లకి తేడా నిజంగా వినిపిస్తుంది. ఆర్కెస్ట్రాలో రిథమ్ వాయించేవాళ్లకి మాత్రం వినిపించదు.

హెచ్చరిక: "నా చేతికి తేడా తెలుస్తోంది" అనేది వేరే విషయం, అది నిజమే. మెడ మందం, నట్ (మెడ పైచివర స్ట్రింగ్స్ ఆనే గాళ్ల పట్టీ) వెడల్పు, స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగ్ మోగే పొడవు) మారితే వేళ్లు తడబడతాయి. అందుకే టూర్ గిటార్ కొనేటప్పుడు మీ అసలు గిటార్ కొలతలకు దగ్గరగా ఉన్నదే చూడండి. ఫెండర్ కంపెనీ తరహావి 25.5 అంగుళాల స్కేల్, గిబ్సన్ కంపెనీ తరహావి సుమారు 24.75. ఒకదానికి అలవాటు పడి రెండోది పట్టుకెళ్తే బెండింగులన్నీ (స్ట్రింగ్‌ని పక్కకి లాగి స్వరం పెంచడం) శృతి తప్పుతాయి.

3. టూర్ గిటార్‌ని సిద్ధం చేయండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, అందరూ వదిలేసేది కూడా ఇదే. మధ్యరకం ధరకి వచ్చే యమహా, స్క్వైర్, ఎపిఫోన్, కోర్ట్ లాంటివి సరిగ్గా సెటప్ చేస్తే స్టేజికి హాయిగా సరిపోతాయి. సెటప్ చేయని ఖరీదైన గిటార్ కంటే ఇవే నయం.

అ) మీ అసలు గిటార్‌కి వేసే మందం స్ట్రింగ్సే వేయండి. ఎలక్ట్రిక్‌కి 10–46 (అంగుళంలో వెయ్యో వంతుల్లో స్ట్రింగ్స్ మందం) వాడేవాళ్లు దీనికీ అదే, అకౌస్టిక్‌కి 12–53 అయితే దీనికీ అదే.

ఆ) మెడ వంపు చూడండి. మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డకడ్డీ) దగ్గర కేపో పెట్టి, ఆరో స్ట్రింగ్‌ని (అన్నిటికంటే లావుది) మెడ బాడీలో కలిసే చోట నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ చూడండి. పావు మిల్లీమీటరు దగ్గర్లో ఉండాలి, అంటే మామూలు విజిటింగ్ కార్డు ఇంచుమించు బిగుతుగా దూరేంత. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని పావు తిప్పు బిగించండి, ట్యూన్ చేయండి, కాసేపు ఆగి మళ్లీ చూడండి. ఒక్కసారే ఒక తిప్పు తిప్పేయకండి. గట్టిగా ఉండి తిరగకపోతే అక్కడితో ఆపేసి, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇ) 12వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు కొలవండి. ఎలక్ట్రిక్‌కి ఆరో స్ట్రింగ్ 2 మిల్లీమీటర్లు, మొదటిది 1.5 దగ్గర్లో. అకౌస్టిక్‌కి ఆరోది 2.5, మొదటిది 2 దగ్గర్లో. స్టేజి మీద ఉత్సాహంలో గట్టిగా కొడతాం కాబట్టి ఇంట్లో వాయించే ఎత్తు కంటే కాస్త పైనే ఉంచుకోండి, లేకపోతే ఫ్రెట్ల మీద బజ్ వస్తుంది.

ఈ) 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (స్ట్రింగ్‌ని నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరం) వాయించి ట్యూనర్ చూడండి, అదే ఫ్రెట్ నొక్కి మళ్లీ చూడండి. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని (బ్రిడ్జి మీద స్ట్రింగ్ ఆనే ముక్క) వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకి జరపండి. అకౌస్టిక్‌కి ఇలా జరపడం కుదరదు, తేడా మరీ ఎక్కువుంటే శాడిల్ మార్పించాలి.

ఉ) ట్యూన్ చేస్తుంటే "టింగ్" అని శబ్దం వచ్చి స్వరం గెంతుతోందా? నట్ గాడిలో స్ట్రింగ్ ఇరుక్కుంటోందని అర్థం. మెత్తటి పెన్సిల్ ముల్లుని గాడిలో రుద్దండి. శృతి నిలవట్లేదని ట్యూనింగ్ కీలు మార్పించేవాళ్లు చాలామంది ఉన్నారు, చాలాసార్లు తప్పు కీలది కాదు, నట్‌ది.

ఊ) జాక్ (కేబుల్ గుచ్చే చోటు) నట్ బిగించండి, స్ట్రాప్ లాక్‌లు వేయండి. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయే గిటార్లలో ఎక్కువ భాగం జాక్ వదులై ఆగిపోయేవే.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే దీని పికప్ మీద పెట్టండి. అకౌస్టిక్‌కి మంచి సౌండ్‌హోల్ పికప్ ఒకటి కొంటే, రేపు స్టీల్ స్ట్రింగ్స్ అకౌస్టిక్ ఏది చేతికి వచ్చినా దానికి తగిలించుకోవచ్చు.

ఎలా తేల్చుకోవాలి: పూర్తి నిడివి రిహార్సల్ చేసి, మధ్యలో పాటకీ పాటకీ ట్యూనర్ చూడండి. కొత్త స్ట్రింగ్స్ సర్దుకున్నాక కూడా ఒకే స్ట్రింగ్ పదేపదే 5 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు, ట్యూనర్ చూపిస్తుంది) దాటి జారుతుంటే ఆ గిటార్ ఇంకా సిద్ధం కాలేదు.

4. తీసుకెళ్లాలనే తేల్చుకుంటే, ముందు కాగితాలు

ముందు, వెనక, పక్కలు, హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే తల భాగం) వెనక, సీరియల్ నంబర్, ఇప్పటికే ఉన్న గీతలు, అన్నీ పగటి వెలుగులో ఫొటోలు తీసి ఫోన్లోనే కాకుండా మెయిల్లో కూడా పెట్టుకోండి.

ఇండియా నుంచి బయటికి వెళ్తుంటే, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. గిటార్, బిల్లు, పాస్‌పోర్టు చూపించాలి. ఇది చెక్-ఇన్‌కి ముందే అవ్వాలి, లగేజీ లోపలికి వెళ్లాక చూపించడానికి ఏమీ ఉండదు. ఈ కాగితం లేకుండా తిరిగొస్తే, అక్కడే కొన్నారేమో అని డ్యూటీ అడిగినప్పుడు వాదించడం కష్టం.

పాత గిటార్లున్నవాళ్లు చెక్క సంగతి కూడా చూసుకోవాలి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ ఒప్పందంలో (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. మార్టిన్ కంపెనీ 1969లో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది, అంతకు ముందు రోజ్‌వుడ్ మోడళ్లు బ్రెజిలియన్ చెక్కవే. అలాంటిది చేతిలో ఉంటే పర్మిట్ లేకుండా దేశాలు దాటించకండి, పట్టుకుంటే గిటారే పోతుంది. ఇండియన్ రోజ్‌వుడ్ గిటార్లకు 2017లో వచ్చిన పర్మిట్ ఇబ్బంది, పూర్తిగా తయారై ఉన్న వాద్యాల వరకు 2019 నవంబరు 26న తొలగిపోయింది. మీ కొత్త టేలర్ గురించి ఈ టెన్షన్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి, జవాబు రాతలో తీసుకోండి: డబ్బులకు వాయించే ప్రోగ్రాములు కవర్ అవుతాయా? పార్కు చేసిన బండిలోంచి పోతే కవర్ అవుతుందా? రెండోదానికి చాలా పాలసీలు ఒప్పుకోవు.

5. ప్యాకింగ్

కేసు బయట ఎంత గట్టిగా ఉన్నా, లోపల గిటార్ కదిలితే లాభం లేదు. హెడ్‌స్టాక్ విరగడం ఎలా జరుగుతుందో తెలిస్తే ప్యాకింగ్ మీకే అర్థమవుతుంది. కేసు వెల్లకిలా పడినప్పుడు బాడీ కేసుకి తగిలి ఆగిపోతుంది, ట్యూనింగ్ కీల బరువుతో హెడ్‌స్టాక్ మాత్రం ఇంకా కిందికి వెళ్లాలని చూస్తుంది. నట్‌కి సరిగ్గా వెనక, మెడ సన్నబడేచోట చెక్క పగులుతుంది. గిబ్సన్ తరహా గిటార్లలో హెడ్‌స్టాక్ సుమారు 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అది మహాగని చెక్క, పైగా ట్రస్ రాడ్ నట్ కోసం అక్కడే తొలిచి ఉంటారు. అందుకే అవి ఎక్కువ విరుగుతాయి. ఫెండర్ తరహాలో మేపుల్ మెడ, వాలు లేని హెడ్‌స్టాక్, స్క్రూలతో బిగించిన మెడ. రెండూ ఉన్నవాళ్లు లగేజీకి వేయాల్సి వస్తే కళ్లు మూసుకుని ఫెండర్ రకాన్నే వేయండి.

చేయాల్సింది ఇది. నట్ వెనక మెడ కింద మెత్త సరిగ్గా ఆనేలా టీషర్టు మడిచి పెట్టండి. హెడ్‌స్టాక్ వెనక భాగం కేసు అడుగుకి తగలకూడదు. హెడ్‌స్టాక్ చుట్టూ, పైనా బబుల్ ర్యాప్ వదులుగా నింపండి. బాడీ పక్కల ఖాళీలు పూడ్చండి. కేపో, ట్యూనర్, తాళంచెవులు కేసులో విడిగా వదలొద్దు, తీసి బట్టల బ్యాగులో వేయండి.

స్ట్రింగ్స్ పూర్తిగా వదిలేయాలా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు. ఒకటి రెండు స్వరాలు దించితే చాలు. పూర్తిగా వదిలేస్తే మెడ వెనక్కి వంగి, దిగాక సర్దుకోవడానికి టైం పడుతుంది, మీకేమో ఆ సాయంత్రమే ప్రోగ్రామ్.

పరీక్ష: కేసు మూసి, నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఊపండి. లోపల ఏ చప్పుడూ రాకూడదు. వస్తే మళ్లీ తెరవండి.

6. ప్రయాణం

విమానం: వీలైతే చేత్తోనే లోపలికి తీసుకెళ్లండి. అమెరికాలో 2012 చట్టం కింద వచ్చిన నియమం 2015 మార్చి నుంచి అమలులో ఉంది. ఎక్కే సమయానికి పై అరలో చోటుంటే, అందులో పట్టే వాద్యాన్ని అక్కడి ఎయిర్‌లైన్స్ లోపలికి అనుమతించాలి. "ఎక్కే సమయానికి చోటుంటే" అన్నది చూశారు కదా, కాబట్టి ముందు ఎక్కే టికెట్ కొనుక్కోండి. ఈ నియమం అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కే. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్తే వాళ్ల రూల్ వేరు, ముందే ఫోన్ చేసి, మెయిల్లో రాయించుకోండి. మన దగ్గర చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ విమానాల్లో పై అరల్లో గిటార్ పట్టదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. విలువ నిజంగా ఎక్కువైతే, ఇచ్చే ఎయిర్‌లైన్‌లో గిటార్‌కి ఇంకో సీటు కొనడమే మేలు. వీణ వాళ్లకి ఈ కష్టం ఇంకా ఎక్కువ. ఒకే పనస దుంగలోంచి తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణని ఏ అరలోనూ దూర్చలేరు.

కట్టర్, స్క్రూడ్రైవర్, అదనపు స్ట్రింగ్స్ లగేజీలో వేయండి, సెక్యూరిటీ దగ్గర ఆపొచ్చు. విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి.

బస్సు, కారు: వేసవిలో ఇదే పెద్ద ప్రమాదం, విమానం కంటే కూడా. మే నెల విజయవాడ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల వేడికి జిగురు మెత్తబడుతుంది, బ్రిడ్జి లేస్తుంది. భోజనానికి ఆగినా గిటార్ మీతోపాటే దిగాలి. బస్సు డిక్కీలో వేయక తప్పకపోతే ఇంజను వైపు కాకుండా, అన్నింటి మీదా పైన పెట్టించండి. రైల్లో ఏసీ బోగీలో పై బెర్తు తీసుకుని పక్కన పెట్టుకోవడం అన్నింటికంటే సురక్షితం.

రాత్రి హోటల్ దగ్గర బండిలో వదిలేయకండి. 1999లో కాలిఫోర్నియాలో సోనిక్ యూత్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ గిటార్లన్నీ ఉన్న ట్రక్కునే ఎత్తుకెళ్లారు. ప్రోగ్రామ్ అయ్యాక జనం సెల్ఫీలకు ఎక్కిపోయే ఆ పావుగంట కూడా ప్రమాదమే. గిటార్ కేసులో పెట్టి, ఎవరి బాధ్యతో ఒక మనిషికి అప్పజెప్పాకే ఫొటోలకు వెళ్లండి.

7. దిగాక

చలి దేశంలో దిగితే కేసు వెంటనే తెరవకండి. గదిలో పెట్టి కొన్ని గంటలు అలాగే వదిలేయండి. చల్లబడిన గిటార్‌కి ఒక్కసారిగా వెచ్చటి గాలి తగిలితే నైట్రో లాకర్ పాలిష్ సన్నటి గీతలుగా పగులుతుంది.

"మరి దెబ్బ తగిలిందో లేదో ఎయిర్‌పోర్టులోనే చూడాలి కదా?" అంటే, నిజమే, రెండూ పాటించాలి. బయటకు వచ్చే ముందు కేసు చుట్టూ చూడండి. పగులు, సొట్ట, ఊడిన లాక్ ఏది కనిపించినా అక్కడే తెరిచి, ఫొటో తీసి, కౌంటర్లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. అప్పుడు పాలిష్ గురించి ఆలోచించొద్దు. 2008లో కెనడా గాయకుడు డేవ్ కారోల్ టేలర్ గిటార్ విమాన ప్రయాణంలో విరిగితే, 24 గంటల్లో క్లెయిమ్ చేయలేదని ఎయిర్‌లైన్ కుదరదంది. రిపేరుకి 1,200 డాలర్లు అయింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పరిహారం కూడా ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లకు (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్) మించదు, అంటే రమారమి 2,000 డాలర్లు, అదీ మీ మొత్తం సామానుకి కలిపి. ముందే విలువ ప్రకటించి అదనపు రుసుము కడితే తప్ప అంతకు మించి రాదు. మూడు లక్షల గిటార్ వేసి ఎయిర్‌లైన్ చూసుకుంటుందనుకోవడం వల్లే చాలామంది ఏడ్చారు.

గదిలో కేసు తెరిచాక చూడాల్సినవి: నట్ వెనక వేలితో రాసి చూడండి, వెంట్రుకంత పగులు కంటికి కనిపించకపోయినా గోరుకి తగులుతుంది. బ్రిడ్జి వెనక అంచు కింద సన్నటి కాగితం దూరుతుందేమో చూడండి, లోపలికి జారితే బ్రిడ్జి లేస్తోంది, స్ట్రింగ్స్ వదులు చేసి రిపేరుకి ఇవ్వండి. ఫ్రెట్ల చివర్లు అరచేతికి గుచ్చుకుంటున్నాయంటే చెక్క ఆరిపోయింది. చలికాలంలో హీటర్ వేసిన గదుల్లో తేమ బాగా పడిపోతుంది. హైగ్రోమీటర్ 45 నుంచి 55 శాతం మధ్య చూపించాలి. తగ్గితే తేమ ప్యాకెట్లు వేసి గిటార్‌ని కేసులోనే ఉంచండి, స్టాండ్ మీద అందంగా నిలబెట్టకండి. విశాఖలో, కాకినాడలో సమస్య దీనికి ఉల్టా: తేమ ఎక్కువై పైచెక్క ఉబ్బుతుంది, స్ట్రింగ్స్ ఎత్తు పెరుగుతుంది.

8. రెండూ వద్దనుకుంటే

అక్కడే గిటార్ ఏర్పాటు చేయమని నిర్వాహకుల్ని నెల ముందే అడగండి. "ఒక అకౌస్టిక్ కావాలి" అంటే ఏదో ఒకటి పెడతారు. మోడల్, పికప్ ఉండాలని, ఏ స్ట్రింగ్స్ వేయాలో రాసివ్వండి. డల్లాస్, న్యూజెర్సీ లాంటి చోట్ల మంచి మార్టిన్లు, టేలర్లు ఇంట్లో గోడకి తగిలించుకున్న తెలుగు గిటారిస్టులున్నారు, సంఘం వాళ్ల ద్వారా అడిగితే ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఇలా వెళ్లేటప్పుడు మీ పెడల్, ప్రీయాంప్, స్ట్రాప్, స్ట్రింగ్స్, సౌండ్‌హోల్ పికప్ మాత్రం మీవే పట్టుకెళ్లండి, మీ శబ్దంలో చాలా భాగం వాటిలోనే ఉంది. సౌండ్ చెక్‌కి గంట ముందు వెళ్లి పైన చెప్పిన ఆ నుంచి ఊ వరకు వరసగా చూసుకోండి. ఇది అరువు గిటార్ కాబట్టి ట్రస్ రాడ్ ముట్టుకునే ముందు సొంతదారుని అడగండి. తిరిగిచ్చేటప్పుడు కొత్త స్ట్రింగ్స్ వేసి, మీరు తీసుకున్నప్పటి ఫొటోలు వాళ్ల ముందే పక్కన పెట్టి చూపించి ఇవ్వండి.